పాలు బంద్ చేస్తే గుండె నాళంలోని సున్నం పోతుందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది హనుమకొండ. మా ఆయనకు 58 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగర్, 6 ఏళ్లుగా బీపీ. సిగరెట్ మానేసి రెండేళ్లయింది. ఛాతీలో నొప్పి ఏమీ లేదు. మా మరిదికి స్టెంట్ వేశాక భయపడి ఈయన కూడా పరీక్షలు చేయించుకున్నారు. సీటీ స్కాన్‌లో కాల్షియం స్కోరు 236 వచ్చింది. అక్కడి డాక్టరు కొలెస్ట్రాల్ గోలీ రాసి, "నాళాల గోడల్లో బొక్కలు (ఎముకలు) కట్టే కణాల్లాంటివి తయారై సున్నం పేరుస్తున్నాయి, మందులు మానొద్దు" అన్నారు. మా వెనక ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, ఎక్కువ అడగలేకపోయాం. గుండెలో బొక్క పెరుగుతోందని ఈయనకు రాత్రుళ్లు నిద్ర లేదు. పాలు, పెరుగు, తైదల (రాగుల) అంబలి బంద్ చేశాం. నాకు 54. బొక్కలు పలచబడ్డాయని నాకు కాల్షియం గోలీలు రాశారు, భయంతో అవీ ఆపేశాను. నాకు రాసిన విటమిన్ డి పొడి ప్యాకెట్లు మాత్రం ఇద్దరం వేసుకుంటున్నాం, విటమినే కదా అని. మా బోరు నీళ్లకు గంజు అడుగున తెల్లటి పొర కడుతుంది. లోపల కూడా అట్లాగే పడుతుందని పక్కింటివాళ్లు అంటున్నారు. సెలైన్ ఎక్కించి నాళాలు కడుగుతారట, పోవాలా? మా అబ్బాయికి 31. వాడికీ స్కాన్ చేయించాలా?

జవాబు: అమ్మా, మీరు ఆపాల్సినదాన్ని ఆపలేదు, ఆపకూడనివి ఆపారు. అందుకే ముందు రెండు మాటలు చెప్పి తరువాత వివరంలోకి వస్తాను. పాలు, పెరుగు, తైదల అంబలి ఇవాళే మళ్లీ మొదలుపెట్టండి. విటమిన్ డి ప్యాకెట్లు మాత్రం, ఎన్ని వారాలకు రాశారో చీటీ చూసుకునేదాకా ఇద్దరూ ఆపండి. కొన్నాళ్లు ఆపితే నష్టమేమీ లేదు, ఆ విటమిన్ ఒంట్లో కొవ్వులో చాలాకాలం నిలవ ఉంటుంది.

ఇక మీ గంజు సంగతి. నీళ్లు మరిగినప్పుడు అడుగున పేరుకునే తెల్లటి పొర కాల్షియం కార్బనేట్. నీళ్లలో కరిగి ఉన్నది వేడికి విడిపోయి అడుగుకు చేరుతుంది. చింతపండు పెట్టి రుద్దితే పోతుంది. దాని వెనక ఏ ప్రాణమూ లేదు, నీళ్లూ వేడీ ఉంటే చాలు. మీ ఆయన గుండె నాళంలో ఉన్నది అది కాదు. అది కాల్షియం ఫాస్ఫేట్, హైడ్రాక్సీఅపటైట్ అంటారు. మన బొక్కల్లో, పండ్లలో (దంతాల్లో) ఉండే ఖనిజం అదే. పైగా అది నాళం లోపల పారే రక్తంలోంచి జారి గోడకు అంటుకున్న పొర కాదు. గోడ లోపలే, గోడలో కాపురముండే కణాలు తయారు చేసుకున్నది. మీ బోరు నీళ్లకూ దీనికీ సంబంధం లేదు.

నేను వరంగల్‌లో మెడిసిన్ చదువుకునే రోజుల్లో దీన్ని మొదటిసారి చేత్తో తాకి చూశాను. పాథాలజీ గదిలో ఒక ముసలాయన బృహద్ధమనిని, అంటే గుండె నుంచి బయలుదేరే అతిపెద్ద రక్తనాళాన్ని, కత్తెరతో పొడుగునా కోయమన్నారు. కొంతదూరం మెత్తగానే తెగింది. తరువాత కత్తెర కింద కోడిగుడ్డు పెంకు చిట్లినట్టు కరకరమని చప్పుడైంది. వేలితో తడిమితే పెళుసుగా, అంచులు గీసుకునేటట్టు పలకలు పలకలుగా తగిలింది. "ఇది సున్నం కాదురా, సూక్ష్మదర్శినిలో చూడు" అని మా సారు స్లైడు పెట్టారు. ఒక మూలన పొరలు పొరలుగా అచ్చం బొక్కే ఉంది, మధ్యలో మూలుగ కూడా. ఆదివారం కూరలో నల్లి బొక్క విరిస్తే కనిపించేదే, కాకపోతే కంటికి ఆననంత చిన్నది. ప్రతి రోగిలోనూ ఇంతదూరం పోదు. చాలామందిలో ఖనిజం దగ్గరే ఆగిపోతుంది. కొందరిలో మాత్రం నిజమైన బొక్కే తయారవుతుంది. కాబట్టి మీకు ఆ డాక్టరు చెప్పిన మాట భయపెట్టడానికి అన్నది కాదు, ఉన్నమాటే. చెప్పడానికి ఆయనకు సమయం చాలలేదంతే.

ఈ సంగతి కొత్తదీ కాదు. 19వ శతాబ్దంలోనే జర్మనీకి చెందిన రుడాల్ఫ్ విర్కో అనే వైద్యుడు, నాళంలో జరుగుతున్నది బొక్క కట్టడమేనని రాశాడు. ఆ తరువాత చాలాకాలం వైద్యులు దాన్ని పట్టించుకోలేదు. వయసు మీద పడితే పైపుకు తుప్పు పట్టినట్టు నాళానికి సున్నం పడుతుంది, దానికేం చేస్తాం అనుకున్నారు. నేను చదువుకున్న పుస్తకాల్లోనూ దాదాపు అట్లాగే ఉండేది. 1993లో అమెరికాలో లాస్ ఏంజిలస్‌లోని విశ్వవిద్యాలయంలో లిండా డెమర్ బృందం, మనుషుల నాళాల్లోని గట్టిపడిన కొవ్వు గడ్డల్లో బీఎంపీ-2 అనే ప్రోటీన్ ఉన్నట్టు చూపించింది. ఆ ప్రోటీన్ పని, "ఇక్కడ బొక్క కట్టండి" అని కణాలకు కబురు పెట్టడం. విరిగిన కాలు అతుక్కునేటప్పుడు పనికొచ్చే కబురు, గుండె నాళంలో ఎందుకుంది? అక్కడి నుంచి వైద్యుల చూపు మారింది.

నాళం గోడ మధ్య పొరలో నునుపు కండర కణాలుంటాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా నాళం కొంచెం సాగి మళ్లీ దగ్గరకు వస్తుందంటే వాటి పుణ్యమే. అవీ బొక్కలు కట్టే కణాలూ పిండదశలో ఒకే రకం తల్లికణాల నుంచి పుడతాయి. అంటే కండర కణానికి బొక్క కట్టే విద్య పూర్తిగా పరాయిది కాదు, లోపలెక్కడో నిద్రపోతూ ఉంటుంది. మన కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లు మీకు తెలుసు కదా. నూలు దొరక్క, కూలి గిట్టక మగ్గం దిగి తాపీ పట్టుకుని మేస్త్రీ పనికి పోయినవాళ్లున్నారు. మనిషి అదే, చేతులూ అవే, పని మాత్రం మారింది. చుట్టూ పరిస్థితి మారితే నాళంలోని కండర కణం కూడా అట్లాగే పని మార్చుకుంటుంది. సాగే గుణాన్ని ఇచ్చే ప్రోటీన్లను తయారు చేయడం తగ్గించేస్తుంది. రంక్స్-2 అనే మీట లోపల పైకి లేస్తుంది. బొక్కల కణాల్లో ఉండే మీట కూడా అదే. ఆ తరువాత ఆ కణం చిన్నచిన్న బుడగల్లాంటి సంచుల్లో కాల్షియం, ఫాస్ఫేట్ నింపి చుట్టూ వదులుతుంది. గోడలోని సాగే పోగుల మీద ఆ సంచులు చేరి, మొదట ఇసుక రేణువు కంటే సన్నని గింజలుగా, పోనుపోను పలకలుగా గట్టిపడతాయి.

ఇది ఎల్లప్పుడూ అందరిలో ఎందుకు జరగదు? ఆపేవి కూడా మన ఒంట్లోనే ఉన్నాయి కాబట్టి. రక్తంలో కాల్షియం, ఫాస్ఫేట్ ఎప్పుడూ ఉంటాయి. కాపలా లేకపోతే ఎక్కడపడితే అక్కడ గట్టిపడతాయి. ఆ కాపలాదారుల్లో ముఖ్యమైనది మేట్రిక్స్ జీఎల్ఏ ప్రోటీన్. 1997లో ఈ ఒక్క ప్రోటీన్ లేకుండా ఎలుకలను పుట్టించి చూశారు. పుట్టినప్పుడు బాగానే ఉన్నాయి. రెండు నెలలు నిండేలోపే వాటి పెద్ద నాళాలు బొక్కల్లా గట్టిపడి, చిట్లి చనిపోయాయి. తిండిలో కాల్షియం ఎక్కువై కాదు, కాపలా లేక. మీరు పాలు ఆపిన విషయం గురించి ఆలోచించేటప్పుడు ఈ ఎలుకలను గుర్తు పెట్టుకోండి.

ఆ కాపలాదారు పని చేయాలంటే విటమిన్ కె కావాలి. అది మన ఆకుకూరల్లో దండిగా ఉంది. పాలకూర, తోటకూర, గోంగూర వారంలో నాలుగు రోజులు వండుకుంటే చాలు. విటమిన్ కె-2 గోలీలు వేసుకుంటే నాళాల సున్నం కరుగుతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఇప్పటిదాకా మనుషుల మీద జరిగిన పరీక్షల్లో దానికి గట్టి రుజువు దొరకలేదు, ఆ డబ్బు కూరగాయలకు పెట్టండి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. గుండె కవాటం మార్చినవాళ్లు రక్తం పలచబడడానికి వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి గోలీలు వేసుకుంటారు. అవి విటమిన్ కె పనిని అడ్డుకునే మందులే. అట్లాంటివాళ్లు ఎవరైనా ఇది చదివి గోలీ ఆపినా, ఆకుకూరలు ఒక్కసారిగా పెంచినా ప్రాణాపాయం. డాక్టరును అడగకుండా ఏదీ మార్చొద్దు.

ఇక కణాన్ని మగ్గం దించి తాపీ పట్టించే పరిస్థితులేమిటి? మీ ఆయనకు సంబంధించినంతవరకు మొదటిది షుగర్. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే నాళం గోడ లోపల సన్నని మంట లాంటి స్థితి కొనసాగుతుంది. గాయం తగిలిన చోట ఎర్రబడి వాచినట్టే ఇదీ, కాకపోతే పైకి తెలియదు. బీపీ గోడను రోజుకు లక్ష సార్లు గట్టిగా తన్నుతుంది. సిగరెట్ పొగ నాళం లోపలి పొరను గీరుతుంది. చెడు కొలెస్ట్రాల్ ఆ గీరిన చోటనే గోడలోకి చొరబడి కూర్చుంటుంది. దాన్ని శుభ్రం చేయడానికి వచ్చిన తెల్ల కణాలు అక్కడే చచ్చిపడి కుప్ప పెరుగుతుంది. ఒళ్లు తాను వదిలించుకోలేని చెత్తను ఏం చేస్తుందో తెలుసా? చుట్టూ గోడ కడుతుంది. క్షయ వచ్చి తగ్గినవాళ్ల ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద తెల్లటి చుక్క కనిపిస్తుంది, పాత గాయాన్ని ఒళ్లు సున్నం పెట్టి మూసేసిన గుర్తు అది. గుండె నాళంలోని కొవ్వు కుప్ప దగ్గర జరిగేది కూడా చాలావరకు అట్లాంటి ప్రయత్నమే. పెద్ద పలకలుగా గట్టిపడిన చోటు ఒక విధంగా కుదుటపడిన చోటు. సన్నని గింజలు చెదురుమదురుగా ఉన్న మెత్తటి కుప్పలే ఎక్కువగా చిట్లుతాయి, వాటి మీద రక్తం గడ్డకడితే గుండెపోటు.

రెండోది మూత్రపిండాలు. దీన్ని చాలామంది మరిచిపోతారు, మీరు మరవొద్దు. కిడ్నీ బలహీనపడితే ఫాస్ఫేట్ బయటకు పోకుండా రక్తంలో నిలబడిపోతుంది. ప్రయోగశాలలో మనిషి నాళం నుంచి తీసిన కండర కణాలను ఫాస్ఫేట్ ఎక్కువున్న ద్రవంలో ఉంచితే కొద్ది రోజుల్లోనే అవి బొక్క కణాల వేషం వేసి ఖనిజాన్ని పేర్చడం మొదలుపెడతాయి. ఫాస్ఫేట్ లోపలికి పోయే దారి మూసేస్తే ఆ పని ఆగుతుంది. డయాలిసిస్ మీదున్న పాతికేళ్ల పిల్లల నాళాలు కూడా ముసలివాళ్ల నాళాల్లా గట్టిపడడానికి ఇదొక పెద్ద కారణం. 12 ఏళ్ల షుగర్ అంటే కిడ్నీ పరీక్ష తప్పనిసరి. క్రియాటినిన్ ఒక్కటే చూసి బాగుందనుకోవద్దు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా అని కూడా చూడమనండి. కిడ్నీ బాగున్నంతకాలం ఫాస్ఫేట్ గురించి తిండిలో లెక్కలు వేయనక్కర్లేదు. కూల్‌డ్రింకులు మాత్రం ఇంట్లోకి రానీయొద్దు. షుగర్ ఉన్న ఇంట్లో వాటికి చోటే లేదు.

షుగర్ ఉన్నవాళ్లలో ఇంకో తేడా ఉంది. కొవ్వు కుప్పల దగ్గర లోపలి పొరలో పట్టే సున్నం వేరు, కొవ్వుతో పనిలేకుండా మధ్య పొరంతా పొడుగునా పట్టే సున్నం వేరు. రెండోదాన్ని 1903లో వివరించిన మాంకెబర్గ్ పేరుతోనే పిలుస్తారు. కాజీపేట రైల్వేలో పని చేసి రిటైరైన ఒకాయన కాలి బొటనవేలు నల్లబడి నా దగ్గరకు వచ్చారు. పాదం ఎక్స్‌రే తీయిస్తే, వేళ్ల దాకా రెండు సమాంతర తెల్ల గీతలు. ఆయనే ఫిలిం వెలుతురుకు పెట్టి చూసి, "సార్, ఇవి పట్టాలు గదా" అన్నారు. నిజంగా రైలు పట్టాల్లాగే ఉన్నాయి, నాళం అటు గోడ ఒకటి, ఇటు గోడ ఒకటి. అంతకుముందు ఆయన చీలమండ దగ్గర బీపీ చూసి రక్తం బాగానే పారుతోందని చెప్పి పంపారట. గట్టిపడిన నాళం పట్టీ ఎంత బిగించినా నొక్కుకోదు, అందుకే అంకె ఎక్కువ చూపిస్తుంది, లోపల రక్తం తక్కువగా ఉన్నా సరే. వేలి దగ్గర కొలిస్తే అసలు సంగతి బయటపడింది. వేలు దక్కలేదు, పాదం దక్కింది. మీ ఆయన పాదాలు రోజూ రాత్రి మీరు చూడండి. వేళ్ల సందులు, మడమ, గోళ్ల పక్కన. చన్నీళ్లలో తడిసినట్టు ఒక పాదం చల్లగా ఉన్నా, నడిస్తే పిక్క పట్టేసి ఆగితే తగ్గుతున్నా డాక్టరుకు చెప్పండి.

236 గురించి. ఆర్థర్ అగట్‌స్టన్ అనే వైద్యుడి బృందం 1990లో తెచ్చిన లెక్క ఇది. సున్నా అయితే కాల్షియం కనబడలేదని, 1 నుంచి 100 దాకా కొద్దిగా, 100 నుంచి 400 దాకా మధ్యస్థం, 400 దాటితే ఎక్కువ అని లెక్కిస్తారు. అది శాతం కాదు. నాళం 236 వంతులు మూసుకుపోయిందని కాదు, అసలు ఎంత మూసుకుపోయిందో ఆ స్కాన్ చెప్పదు. నాళాల్లో ఎన్నేళ్లుగా ఎంత గాయం జరిగిందో చెప్పే పాత ఖాతా పుస్తకం లాంటిది. దాన్ని చూసి ముందు ముందు ప్రమాదం ఎంత ఉందో అంచనా కడతారు. ఆ అంచనా ప్రకారం మీ ఆయనకు కొలెస్ట్రాల్ గోలీ అవసరం, అందుకే రాశారు.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పకపోతే ఏడాది తరువాత మీరు మళ్లీ బెంగపడతారు. స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ గోలీలు వాడుతుంటే కాల్షియం స్కోరు తగ్గదు, ఒక్కోసారి కొంచెం పెరుగుతుంది కూడా. ఆ గోలీ మెత్తటి కొవ్వును తగ్గించి కుప్పను గట్టిపరుస్తుంది, గట్టిపడింది కాబట్టి స్కాన్‌లో ఎక్కువ తెల్లగా కనిపిస్తుంది. గుండెపోటు వచ్చే అవకాశం మాత్రం తగ్గుతుంది. అందుకే తగ్గిందా లేదా అని ఏటేటా స్కాన్ చేయించుకోవడం దండగ. గోలీ పని చేస్తోందా అన్నది రక్తపరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్ అంకె చెబుతుంది. ఆయన పరిస్థితిలో అది 70 కంటే తక్కువ ఉండేటట్టు చూస్తారు. గోలీతో కండరాల నొప్పులు వస్తే మీకు మీరే ఆపకండి, మోతాదు మార్చొచ్చు, మందు మార్చొచ్చు.

పాలు, పెరుగు విషయానికి వస్తాను. మనిషి ఒంట్లో కిలో దాకా కాల్షియం ఉంటుంది, అందులో 99 శాతం బొక్కల్లో, పండ్లలోనే. రక్తంలో ఉండే కొద్దిపాటి కాల్షియాన్ని ఒళ్లు చాలా జాగ్రత్తగా కాస్తుంది, డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య. మీరు లీటరు పాలు తాగినా అది దాటదు, పాలు పూర్తిగా మానేసినా తగ్గదు. మానేస్తే ఏం జరుగుతుందంటే, గొంతు దగ్గరున్న పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదిలి బొక్కల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తాయి. అంటే మీరు ఆయన నాళాలను కాపాడబోయి ఆయన బొక్కలను తవ్విస్తున్నారు. తారనాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం 100 గ్రాముల తైదల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలంటారు. మీ వయసులో, నెలసరి ఆగిన ఆడవాళ్లకు 1200. అన్నం ఒక గరిటె తగ్గించి, ఉదయం పలచటి తైదల అంబలి ఒక గ్లాసు, మధ్యాహ్నం మజ్జిగ పెట్టండి. అంబలిలో బెల్లం మాత్రం వద్దు, ఉప్పు కూడా చిటికెడే.

మీ సొంత గోలీల గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు ఆ వాక్యమే ఎక్కువ బెంగ పెట్టింది. బొక్కలు పలచబడిన ఆడవాళ్లలోనే నాళాల్లో సున్నం ఎక్కువగా కనిపిస్తుందని ఎన్నో పరిశీలనల్లో తేలింది. ఒకచోట కాల్షియం ఎక్కువై ఇంకోచోటికి పొర్లడం కాదది. ఉండాల్సినచోట కట్టే పని మందగించి, ఉండకూడనిచోట మొదలవడం. కాబట్టి బొక్కలను బలహీనం చేసుకుని నాళాలను కాపాడుకోలేరు. కాల్షియం గోలీలతో గుండెకు ప్రమాదమా అన్న విషయంలో పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. అందుకే నేను నా దగ్గరకు వచ్చేవాళ్లకు ముందు తిండిలో లెక్క చూసి, తక్కువైనంత మేరకే గోలీ ఇస్తాను, భోజనంతో పాటు. మీకు రాసిన డాక్టరు దగ్గరికి వెళ్లి, రోజూ ఏమేం తింటున్నారో చెప్పి, గోలీ ఎంత కావాలో అడగండి. బొక్కల సాంద్రత పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితం తీసుకుపోండి.

ఇక విటమిన్ డి ప్యాకెట్. దాని మీద 60,000 యూనిట్లు అని ఉంటుంది చూడండి. మామూలుగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు, చాలామందికి 8 వారాలు, రాస్తారు. తరువాత ఆపాలి, లేదా నెలకొకటికి మారాలి. మన దగ్గర జరిగేదేమిటంటే, చీటీ పోతుంది, ప్యాకెట్ పేరు మాత్రం నోటికొస్తుంది, మందుల షాపులో అడిగితే ఇస్తారు. పరకాల వైపు నుంచి ఒక రైతును తీసుకొచ్చారు. రెండు నెలలుగా ఆకలి లేదు, వాంతులు, విపరీతమైన దాహం, మాట తడబడుతోంది. మెదడు స్కాన్ తీయించారు, జీర్ణాశయం పరీక్ష చేయించారు. సంచీలో మందులు బయట పోయమంటే డి ప్యాకెట్లు బయటపడ్డాయి. వారానికొకటి అన్నది రోజుకొకటి అని విని, మూడు నెలలకు పైగా వేసుకున్నారు. రక్తంలో కాల్షియం 14 దాటింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఇందాక చెప్పాను కదా, తిండితో రక్తంలో కాల్షియం హద్దు దాటదని. ఆ హద్దును బద్దలుకొట్టగలిగేది విటమిన్ డి అతి. జంతువులకు ఈ విటమిన్ అతిగా ఇస్తే నాళాలు గట్టిపడతాయి. పరిశోధనల్లో కావాలని నాళాలకు సున్నం పట్టించడానికి వాడే పద్ధతుల్లో అదొకటి. మీ ఆయనకు అసలు ఎవరూ రాయలేదు, మీది చూసి ఆయన వేసుకుంటున్నారు. ఇద్దరూ ఒకసారి రక్తంలో కాల్షియం, విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. తక్కువ ఉంటే తప్పకుండా వేసుకోవాలి, డాక్టరు చెప్పినన్ని వారాలే.

సెలైన్ ఎక్కించి నాళాలు కడిగే వైద్యానికి పోవద్దు. దాన్ని కీలేషన్ అంటారు. ఈడీటీఏ అనే మందు రక్తంలోని లోహాలను, కాల్షియాన్ని పట్టుకుని మూత్రంలో పంపేస్తుంది. సీసం ఒంటికెక్కినవాళ్లకు అది నిజంగా మంచి మందు. నాళం గోడ లోపల కణాలు కట్టిన బొక్కను అది కడగలేదు. 2013లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో కొంత మేలు కనిపించిందన్న మాట వాస్తవమే, కొందరు దాన్నే చూపించి ప్రచారం చేసుకుంటారు. ఆ మేలు షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించిందని, గుండెపోటు వచ్చిన షుగర్ రోగులు దాదాపు వెయ్యి మంది మీద మళ్లీ పరీక్షించారు. వారానికొకటి చొప్పున 40 సెలైన్లు. 2024లో ఫలితం వచ్చింది, ఉపయోగం లేదు. కాల్షియాన్ని వేగంగా లాగే రకం మందు పొరపాటున ఎక్కిస్తే గుండె ఆగిపోయిన సంఘటనలు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మీ దగ్గర డబ్బులుంటే షుగర్ మిషన్, బీపీ మిషన్ కొనుక్కోండి.

కట్టేసిన పలకను కరిగించే మందు ఈ రోజుకు మన చేతిలో లేదు. అది నిజం, మీ ఆయనకు నేను దాచను. అయితే కణాలను ఆ పనికి పురిగొల్పే పరిస్థితులు దాదాపు అన్నీ మీ చేతిలో ఉన్నాయి. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 7 శాతం దగ్గరకు, బీపీ 130/80 కంటే దిగువకు. సిగరెట్ మానేశారు, చాలా గొప్ప పని, మళ్లీ స్నేహితుల దగ్గర ఒక్కటి కూడా వద్దు. తొక్కులు, అప్పడాలు, మిర్చి బజ్జీలు బాగా తగ్గించాలి, బీపీకి ఉప్పే అసలు శత్రువు. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద అరగంట నడవమనండి. మొదటి వారం మెల్లగా, తరువాత మాట్లాడగలిగినంత, పాట పాడలేనంత వేగంతో. మొదలుపెట్టే ముందు ఆ డాక్టరును, "ఈయనకు ట్రెడ్‌మిల్ పరీక్ష లాంటిది అవసరమా, ఆస్పిరిన్ కావాలా" అని ఈ రెండు ప్రశ్నలు అడగండి. కాగితం మీద రాసుకుని పొండి, జనం ఎంతమంది ఉన్నా సరే, చదివి అడగండి.

షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఛాతీ నొప్పితోనే రావాలని లేదు. నడుస్తుంటే ఆయాసం, దవడ లాగడం, కారణం లేకుండా చెమటలు పట్టి నీరసం, పొట్ట పైభాగంలో బరువు, ఇవి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

రాత్రి నిద్ర విషయం. "గుండెలో బొక్క" అన్న మాట ఆయనకు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టు వినిపించి ఉంటుంది. ఆ పలకలు కదలవు, గుచ్చుకోవు. నిన్నా మొన్నా పుట్టినవీ కావు, స్కాన్ తీయకముందు ఆయన హాయిగా పడుకున్న రాత్రుళ్లలో కూడా అక్కడే ఉన్నాయి. ఇప్పుడు తెలిసింది కాబట్టి మందు మొదలైంది. ఈ పేరా ఒక్కటైనా ఆయనకు చదివి వినిపించండి.

మీ అబ్బాయికి 31 ఏళ్లకే కాల్షియం స్కాన్ వద్దు. ఆ వయసులో సున్నా రావడమే ఎక్కువ, సున్నా వచ్చింది కదా అని ధీమా పెరుగుతుంది. తండ్రికి షుగర్, బాబాయికి స్టెంట్ ఉన్న ఇల్లు కాబట్టి వాడికి పరగడుపున షుగర్, కొలెస్ట్రాల్, బీపీ, నడుం కొలత ఇప్పుడే చూడండి. సిగరెట్ అలవాటు ఉందేమో మీరు కాదు, వాళ్ల నాన్న అడిగితే బాగుంటుంది.